ప్లికారె: చేరుటయు బయలుదేరుటయు

లాటినునందలి 'ప్లికారె' యను క్రియకు మడచుట యని యర్థము. గ్రీకు 'ప్లెకో', జర్మను 'ఫ్లెహ్‌టెన్' దీనికి జ్ఞాతులు; ఆ రెండింటికిని అల్లుట యర్థము. సంతతిలో ఫ్రెంచి 'ప్లియె', ఇటాలియను 'పియెగారె' మూలార్థమును నిలుపుకొన్నవి. వింత తక్కినవానియందున్నది. స్పానిషు 'ల్యెగార్', పోర్చుగీసు 'షెగార్' అనగా చేరుట. రుమేనియను 'ప్లెకా' అనగా బయలుదేరుట!

ధ్వనుల విషయమున వివాదము లేదు. 'నిండిన' యను నర్థము గల ప్లేనుస్ స్పానిషున ల్యేనో, పోర్చుగీసున షేయు, రుమేనియనున ప్లిన్ అయినది. పదాదినందలి ప్లకారము ఇక్కడను అట్లే మారినది. చిక్కంతయు అర్థమునందే.

దీనికి తరచు వినవచ్చు సమాధానమొకటి కలదు. పడమట నావికులు తెరచాపలు మడచిన రేవు చేరినట్లట. తూర్పున సైనికులు గుడారములు మడచిన దండు కదలినట్లట. కథ రమ్యము, తరగతిలో ఒకమారు చెప్పిన విద్యార్థి మరువడు. నేనును చాలకాలము చెప్పితిని. కాని అందలి పూర్వభాగము నిలువదు.

'అప్లికారె' అనగా ఒకదానికి మరియొకదానిని ఆనించుట, చేర్చుట. (మన కార్యాలయములలో నిత్యము వినబడు 'అప్లికేషన్' ఈ కుదురులోనిదే.) ప్రాచీన లాటినున 'ఓడను అప్లికారె' యన్నచో ఓడను ఒడ్డునకు చేర్చుట. చేర్చబడునది ఓడ; చాపల ప్రసక్తియే లేదు. అంతకంటె బలమైన సాక్ష్యము ఎగీరియా యాత్రాకథనము. నాలుగవ శతాబ్ది చివర పవిత్రభూములు దర్శించిన ఈ స్త్రీ రచన 1884లో ఇటలీలోని అరెట్సోలో బయల్పడినది. వ్యావహారికచ్ఛాయ గల ఆమె లాటినున ఉపసర్గలేని ప్లికారెయే సమీపించుట యను నర్థమున, అదియును మెట్టదారి ప్రయాణమున, కనబడుచున్నది. ఒక పట్టణమును సమీపించుటకు తెరచాప యేల?

రుమేనియను మాట వేరు. మన వాడుకలో 'బిచాణా ఎత్తివేయుట' వెడలిపోవుటయే గదా. కావున గుడారముల కథ అసంభవ మనలేము. అయినను సంభవము సాక్ష్యము కాదు. ఆ భాషలోనే 'అప్లెకా' వంచుట. 'ప్లెకా'కును తలవంచుట యను నర్థము కలదు. వంగుట, ఒకదిక్కునకు మొగ్గుట, ఆ దిక్కునకు కదలుట అను క్రమము భాషలోని ప్రయోగములతోనే పొసగుచుండగా దండును పిలువనక్కర లేదు. గుడారమును నిలుపదలచినవారు ముందుగా దానిని మడచిన లాటిను ప్రయోగమును చూపవలెను.