కొత్త తొట్టికి పాచి పట్టే కాలం

కొత్తగా పెట్టిన చేపల తొట్టి రెండు వారాలు అద్దంలా మెరుస్తుంది. మూడో వారంలో ఇసుక మీద ఎవరో టీ పొడి చల్లినట్టు మచ్చలు కనిపిస్తాయి. ఇంకో నాలుగు రోజులకు గాజు, మొక్కల ఆకులు, ఫిల్టర్ గొట్టం అన్నీ గోధుమ రంగుకు తిరుగుతాయి. "ఇందుకేనా అన్ని వేలు పోసి తెచ్చావు?" అని ఇంట్లోవాళ్లు అడిగేది అప్పుడే. మా ఇంట్లోనూ అడిగారు. రోషం వచ్చి తొట్టి మొత్తం ఖాళీ చేశాను. రాళ్లను మరిగే నీళ్లలో వేసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండాను. పది రోజుల్లో పాచి మళ్లీ వచ్చింది. ఈసారి రెండు చేపలు కూడా పోయాయి.

ఆ పొరను వేలితో తుడిచి చూస్తే దుమ్ములా లేచి వస్తుంది. గోటితో గీకినా కదలని ఆకుపచ్చ చుక్కల సంగతి వేరు. ఇలా సులువుగా లేచేది డయాటమ్. గోధుమ రంగు నాచు అని పిలుస్తాం గానీ, సముద్రంలో పెరిగే పెద్ద గోధుమ నాచులతో దీనికున్నది దూరపు చుట్టరికమే. కంటికి ఆనని ఏకకణ జీవి ఇది. నీటిలో కరిగిన సిలికాను తీసుకుని, డబ్బాకు మూత పెట్టినట్టు రెండు ముక్కల గాజు గూడు కట్టుకుని అందులో బతుకుతుంది. ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం దాని పచ్చదనాన్ని కప్పేయడం వల్లే ఆ రంగు. భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు డయాటమ్‌ల చలవే. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో పేటెంట్ పొందిన డైనమైట్‌లో నైట్రోగ్లిజరిన్‌ను పీల్చి పట్టుకున్న మట్టి కూడా వీటి పాత గూళ్లే. ఇంత చరిత్ర ఉన్నదాన్ని స్పాంజి ముక్కతో తరిమేద్దామనుకున్నాను నేను.

గూటికి కావలసిన సిలికా ఎక్కడిదంటే, మనం పోసే నీళ్లలోదే. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతి పగుళ్లలో నిలిచి బోరులోకి వచ్చే నీటిలో సిలికా కరిగి ఉంటుంది. కొత్త ఇసుకను తిడతాం గానీ, గట్టి క్వార్ట్‌జ్ రేణువులు నీటిలో కరగడం చాలా నెమ్మది. ఇసుకను బాగా కడిగి వేస్తే చాలు, దాన్ని మార్చనక్కర్లేదు. ఇంకొక పొరపాటు పొదుపు పేరుతో జరుగుతుంది. ఆర్‌ఓ యంత్రం పక్కకు వదిలేసే నీళ్లు వృథా ఎందుకని తొట్టిలో పోస్తారు. పొర దాటలేక ఆగిపోయిన సిలికా, లవణాలు చిక్కబడి ఉండేది ఆ నీళ్లలోనే. వాటితో ఇల్లు తుడుచుకోవచ్చు. తొట్టికి కావలసింది అటువైపు వచ్చే మంచినీళ్లు, అవి కూడా మామూలు నీటితో కలిపి. ఒట్టి ఆర్‌ఓ నీటిలో చేపలకు కావలసిన ఖనిజాలు ఉండవు.

సిలికా ఒక్కటే అయితే పాత తొట్టిలోనూ పాచి ఆగకూడదు. కొత్త తొట్టిలో ఇంకో లోటు ఉంది. చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజిలో, ఇసుకలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొక్కలూ అప్పటికింకా వేళ్లూనుకోవు. కాపలా లేని ఆ పొలంలో డయాటమ్ మేస్తుంది. నేను కుళాయి కింద స్పాంజి పిండినప్పుడు క్లోరిన్ నీళ్లతో కడిగేసింది ఆ బ్యాక్టీరియానే. చేపలు పోయింది అందుకే, పాచి వల్ల కాదు.

ఈ తంటా తొట్టితో పాటే పుట్టింది. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ఒక తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను పెట్టి, నీళ్లు మార్చకుండా బతికించవచ్చా అని చూశాడు. కొన్నాళ్లకు ఆకులు కుళ్లి, గాజుకు జిగట పాచి పట్టింది. ఆయన అందులో చెరువు నత్తలను వేశాడు. అవి కుళ్లినదాన్ని తిని శుభ్రం చేశాయి, వాటి గుడ్లు చేపలకు మేతయ్యాయి. 1850లో లండన్ కెమికల్ సొసైటీకి ఈ సంగతి చెప్పాడు. ఇంటి ఆక్వేరియం విద్యకు పునాదుల్లో ఇదొకటి. పాచికి మందు వెతక్కుండా, దాన్ని తినేవాడిని పిలిచాడు.

ఆ దారిని ఎక్కువ దూరం తీసుకెళ్లినవాడు జపాన్‌కు చెందిన తకాషి అమానో. నీటి అడుగున అడవుల్ని పెంచిన ఫొటోగ్రాఫర్ ఆయన. నాచు మేయడానికి ఆయన వాడిన చిన్న రొయ్యను ఇప్పుడు ప్రపంచమంతా అమానో రొయ్య అనే పిలుస్తోంది.

మన దుకాణంలో మాత్రం మొదటి మాట, "సార్, సక్కర్ వేయండి, మొత్తం నాకేస్తుంది." ఆ చేపను వేలెడు పిల్లగా ఇస్తారు. అది అడుగు దాటి పెరుగుతుంది, పెరిగేకొద్దీ పాచి మీద మోజు తగ్గుతుంది. ఇంట్లో పట్టక చెరువులో వదిలితే అక్కడ వలలు చింపుతుంది. తూర్పు కనుమల నీళ్లలో ఈ కవచపు చేప ఎంతగా పాకిందో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ఆధారంగా గుర్తించారు. కొనకండి, ఉంటే చెరువులో వదలకండి. దానికి బదులు దక్షిణ అమెరికా నుంచి వచ్చే ఒటోసింక్లస్ ఉంది. రెండంగుళాలు మించదు, డయాటమ్ అంటే ప్రాణం. కానీ కొత్త నీటిని అది తట్టుకోలేదు. మేత దండిగా ఉన్న తొట్టిలో బతకలేదు, బతకగలిగే తొట్టిలో మేత చాలదు. రెండు నెలలు ఆగి నాలుగైదింటిని కలిపి తెచ్చి, పాచి అయిపోయాక కీరదోస ముక్కలు ఉడికించి వేయాలి. నాకు నెరైట్ నత్తలే నచ్చాయి. అవి గాజుకు తెల్లటి గుడ్లు అంటిస్తాయి గానీ, మంచినీటిలో పిల్లలు బతికి రావు కాబట్టి నత్తల సంత కాదు.

మిగతాది చేతిపని. వారానికోసారి పాత ఏటీఎం కార్డుతో గాజు గీకి, పాచి మళ్లీ అడుగున కూర్చోకముందే సన్నని పైపును నోటితో పీల్చకుండా చేత్తో నింపి, ఇసుక పైపైన తిప్పుతూ పావు వంతు నీళ్లు లాగేయాలి. స్పాంజిని ఆ లాగిన నీళ్లలోనే రెండుసార్లు పిండాలి. మేత రెండు నిమిషాల్లో అయిపోయేంతే. లైటు ఆరేడు గంటలు. రోజంతా వేస్తే గోధుమ రంగు పోయి ఆకుపచ్చది దిగుతుంది, అది ఇంత సులువుగా లేవదు. రాగి కలిసిన నాచు మందులు రొయ్యల్ని, నత్తల్ని చంపుతాయి, వాటి జోలికి వెళ్లకండి.

రెండోసారి పెట్టిన తొట్టిలో తొమ్మిదో వారానికి గోధుమ రంగు దానంతటదే పలచబడింది. కిందటి ఎండాకాలం బోరు ఎండి ట్యాంకర్ నీళ్లు పోశాక మళ్లీ కాస్త కనిపించింది. ఈసారి ముందు గాజు ఒక్కటే తుడిచి, వెనక గాజును నత్తలకు వదిలేశాను. పొద్దున్నే లైటు వేస్తే, అవి రాత్రంతా మేసిన దారులు ఆ గోధుమ పొర మీద వంకర టింకర గీతలుగా కనిపిస్తాయి.