‘తిబ్బె నబవీ’ని చదివే తీరు: క్యాన్సర్ చికిత్స సందర్భంలో

ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (1292-1350) రచించిన ‘జాదుల్ మఆద్’లోని వైద్య భాగమే ‘అత్తిబ్బున్నబవీ’ పేరుతో వేరుగా ప్రచారం పొందింది. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలినప్పుడు, ఆస్పత్రి కాగితాల పక్కన దాని సంక్షేపమొకటి, కలోంజీ నూనె సీసా ఒకటి వచ్చి చేరడం మన కుటుంబాల్లో అరుదు కాదు. కనుక ఈ గ్రంథాన్ని ఎలా చదవాలన్నది కేవలం పాండిత్య చర్చ కాదు, ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

చిన్న పుస్తకాలలో అనేకం కలోంజీ, తేనె, హిజామా గుణాలను వరుసగా పేర్కొని ఊరుకుంటాయి. నల్ల జీలకర్రను గూర్చి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసులో ‘ప్రతి వ్యాధి’ అన్న మాట ఉన్నందున క్యాన్సర్ కూడా అందులో చేరిందని తేలుస్తాయి. కాని ఇబ్నుల్ ఖయ్యిమ్ ఆ మాటను అలా గ్రహించలేదు. ఆద్ జాతిపై వీచిన గాలి ‘ప్రతి వస్తువునూ’ నాశనం చేసిందని ఖుర్ఆన్ (46:25) తెలిపినప్పుడు, నాశనానికి లోనయ్యే ప్రతి వస్తువు అనే అర్థం. హదీసులోని ‘ప్రతి’ కూడా అటువంటిదేనని ఆయన వివరణ. ఆయన దృష్టిలో అది ప్రధానంగా శీతల వ్యాధులకు మందు. ఈ వివరణ అనువాదంలో జారిపోతే, మూలంలో లేని వాగ్దానం రోగి చేతికి అందుతుంది.

అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉంది. నిపుణుడైన వైద్యుణ్ణి వెతకాలని చెప్పే ప్రకరణం, వైద్యం తెలియకుండా చికిత్స చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడనే ప్రకరణం ఈ సంక్షేపాలలో తరచు కానరావు. నిపుణ వైద్యుడు గమనించవలసిన ఇరవై విషయాలను ఇబ్నుల్ ఖయ్యిమ్ అక్కడ లెక్కించారు. వ్యాధి నయమయ్యేది కానప్పుడు, దురాశకు లోబడి ప్రయోజనం లేని చికిత్సకు పూనుకోరాదన్నది వాటిలో ఒకటి. ఈ నియమం నూనె సీసా అమ్మేవానికి ఎంత వర్తిస్తుందో, ఫలితం లేదని తెలిసీ ఖరీదైన చికిత్స పొడిగించే ఆస్పత్రికీ అంతే వర్తిస్తుంది.

గ్రంథంలో విమర్శకు తావు లేకపోలేదు. ప్రవక్త (స) వైద్యం ముందు వైద్యుల విద్య, వైద్యుల ముందు ముసలమ్మల చిట్కా వంటిదని ఇబ్నుల్ ఖయ్యిమ్ తలచారు. అయినా ఆయన వివరణలు చాలావరకు యునానీల దోష సిద్ధాంతంపైనే నిలిచాయి. 1377లో ‘ముఖద్దిమా’ వ్రాసిన ఇబ్ను ఖల్దూన్, ప్రవక్త (స) షరీఅతు బోధించడానికి వచ్చారే గాని వైద్యం బోధించడానికి కాదని భిన్నాభిప్రాయం తెలిపారు. ఇక కోతను ‘పాశ్చాత్య వైద్యం’గా చూసేవారు అల్ జహ్రావీని చదవాలి. వెయ్యేండ్ల క్రితమే ఆ కార్దోబా వైద్యుడు, రొమ్ము వంటి చోట గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే పూర్తిగా కోసి తీసివేయాలనీ, ముదిరిన పెద్ద గడ్డను తాను నయం చేయలేదనీ, చేసినవారిని చూడలేదనీ వ్రాశారు. ఆలస్యం చేయరాదన్న పాఠం మన వారసత్వంలోనే ఉంది.

రెండు వైద్యాలను కలిపి వాడితే ఏమవుతుంది? 2018లో అమెరికాలో ‘జామా ఆంకాలజీ’ ప్రచురించిన పరిశీలన ఇక్కడ ఉపయోగపడుతుంది. ఆస్పత్రి చికిత్సతో పాటు అనుబంధ చికిత్సలు కూడా పొందిన 258 మంది రికార్డులను, అవి పొందని 1,032 మంది రికార్డులతో పోల్చారు. మొదటి వర్గంలో నూటికి 34 మంది కీమోథెరపీని, 53 మంది రేడియేషన్‌ను నిరాకరించారు. రెండవ వర్గంలో అలా నిరాకరించినవారు సుమారు ముగ్గురు, ఇద్దరు మాత్రమే. మరణ ప్రమాదం మొదటి వర్గంలో సుమారు రెండింతలు. అయితే నిరాకరణను, ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ తేడా నిలవలేదు. అంటే హాని ప్రధానంగా అనుబంధ చికిత్స వల్ల కాదు. దాన్ని నమ్ముకొని అసలు చికిత్సను విడిచిపెట్టడం వల్ల.

అట్లని మూలికలన్నీ నిరపాయమని కాదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఇరినోటెకాన్ అనే క్యాన్సర్ మందు బలాన్ని రక్తంలో తగ్గిస్తుందని 2002లోనే తేలింది. బిళ్ళగన్నేరు నుండి తీసిన విన్‌క్రిస్టీన్‌ను ఆస్పత్రులే వాడుతున్నాయి. కాని శుద్ధిచేసి, మోతాదు కొలిచి. కనుక రోగి ఏ నూనె త్రాగుతున్నా, ఏ పొడి తింటున్నా డాక్టరుకు దాచకుండా చెప్పాలి. చెబితే మందలిస్తారన్న భయాన్ని తొలగించడం డాక్టరు ధర్మం.

ఇబ్నుల్ ఖయ్యిమ్ గ్రంథంలో క్యాన్సర్ రోగికి నేడు పనికివచ్చేవి ఉన్నాయి. రోగికి ఆశ కలిగే మాటలు చెప్పాలనీ, తినమని బలవంతం చేయరాదనీ చెప్పే ప్రకరణాలు, దుఃఖించే హృదయానికి ఊరటనిచ్చే తల్బీనా అనే బార్లీ జావ అటువంటివి. దుఆ ఏ మందుతోనూ విరోధించదు. ఇవి చికిత్సకు తోడు. దాని స్థానం ఆక్రమించేవి కావు.

ఇకముందు ఈ గ్రంథాన్ని సంక్షేపించేవారు మందుల జాబితాను కుదించినా ఫరవాలేదు. వైద్యుని ధర్మాలను తెలిపే ప్రకరణాన్ని మాత్రం పూర్తిగా, పుస్తకం మొదటనే ఇవ్వాలి. రోగి ముందుగా చదవవలసింది అదే.