ఆనర్స్ డిగ్రీలో పరిశోధనకు అర్హత: వికారాబాద్, తాండూరు నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

జాతీయ విద్యావిధానం - 2020 తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) ప్రతిపాదించిన నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీ, ప్రత్యేకించి ‘పరిశోధనతో కూడిన ఆనర్స్’, డిగ్రీ విద్యార్థికి నేరుగా పిహెచ్.డి. ప్రవేశార్హత కల్పిస్తున్నది. ఆ అర్హతను నిర్ణయించే ప్రమాణాలు కళాశాలకు ఉన్న వనరులను కొలుస్తున్నాయి గాని, ఆ కళాశాల చుట్టూ ఉన్న పరిశోధన విషయాన్ని పరిగణించడం లేదు. వికారాబాద్ జిల్లాలోని వికారాబాద్, తాండూరు పట్టణాల నేపథ్యంలో ఈ ప్రమాణాలను పరిశీలించి, వాటిలోని లోపాలను, సవరణకు ఉన్న అవకాశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: ఆనర్స్ డిగ్రీ, పరిశోధన అర్హత, యు.జి.సి., వికారాబాద్, తాండూరు, క్షేత్ర పరిశోధన, జిజ్ఞాస.

1. ఉపోద్ఘాతం:

డిగ్రీ చదువు పూర్తయ్యేనాటికి విద్యార్థి ఒక విషయంలో ఎంత లోతుకు వెళ్ళగలగాలి? సాధారణ డిగ్రీకి, ఆనర్స్ డిగ్రీకి మధ్య ఉన్న తేడా అంతా ఈ ప్రశ్నలోనే ఉంది. సాధారణ డిగ్రీ విషయ పరిచయాన్ని కల్పిస్తే, ఆనర్స్ ఒకే విషయంలో గాఢమైన అభినివేశాన్ని కోరుతుంది. ఇప్పటి విధానం దీనికి ‘పరిశోధన’ను కూడా జోడించింది. అందువల్ల ఆనర్స్ ఎక్కడ ఉండాలన్న ప్రశ్న, పరిశోధకులు ఎక్కడినుండి రావాలన్న ప్రశ్నగా మారింది.

హైదరాబాదుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో వికారాబాద్, సుమారు 110 కిలోమీటర్ల దూరంలో తాండూరు ఉన్నాయి. రెండూ 1874లో ప్రారంభమైన వాడి - సికింద్రాబాద్ రైలుమార్గంపై ఉన్న పట్టణాలు. రెండుచోట్లా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. ఇవి ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలోనివి. రాజధానికి దగ్గరగా ఉన్నట్లు కనిపిస్తూనే ఉన్నత విద్య విషయంలో దూరంగా మిగిలే పట్టణాలకు ఇవి మంచి ఉదాహరణలు.

2. ఆనర్స్ - అర్థ పరిణామం:

తెలుగు నేలకు ఆనర్స్ కొత్తది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయ సంప్రదాయంలో ఇంటర్మీడియెట్ తర్వాత మూడేళ్ళ బి.ఏ. ఆనర్స్ ఉండేది. అందులో ఉత్తీర్ణులైనవారు మరో పరీక్ష రాయకుండానే కొంతకాలానికి ఎం.ఏ. పట్టా పొందే వీలుండేది. అంటే ఆనాటి ఆనర్స్ స్థాయిలో స్నాతకోత్తర విద్యకు సమానం. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఆనర్స్ విధానాన్ని అనుసరించింది. 1931లో అక్కడి తెలుగుశాఖలో చేరిన పింగళి లక్ష్మీకాంతం తెలుగు ఆనర్స్ బోధనను తీర్చిదిద్దినవారిలో ప్రముఖులు. దేశభాషా సాహిత్యం కూడా లోతైన విశ్వవిద్యాలయ అధ్యయనానికి తగినదేనని నిరూపించడంలో ఆ ఆనర్స్ తరగతుల పాత్ర గణనీయమైనది.

ఆ తర్వాత తెలుగు ప్రాంతాల్లో ఆనర్స్ క్రమంగా వెనుకబడి, మూడు విషయాల సమ్మేళనంతో కూడిన సాధారణ డిగ్రీ స్థిరపడింది. ఢిల్లీ వంటి విశ్వవిద్యాలయాల్లో మాత్రం మూడేళ్ళ ఆనర్సే ప్రధానమార్గంగా కొనసాగింది. అక్కడ 2013లో ప్రవేశపెట్టిన నాలుగేళ్ళ డిగ్రీ మరుసటి సంవత్సరమే రద్దయింది. జాతీయ విద్యావిధానం తర్వాత 2022-23లో మళ్ళీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2023-24 నుండి ఒకే ప్రధాన విషయం గల ఆనర్స్ విధానాన్ని అనుసరించింది. తెలంగాణలో 2021-22లో నిజాం కళాశాల, నాటి కోఠి మహిళా కళాశాల మొదలైన నగర కళాశాలల్లో అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం వంటి విషయాలతో బి.ఏ. ఆనర్స్ మొదలైంది. ఆనర్స్ పునరాగమనానికి రాజధాని నగరమే ద్వారమైందన్నది ఇక్కడ గమనించవలసిన అంశం.

3. విధానపత్రాల్లోని ప్రమాణాలు:

2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120, నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160 క్రెడిట్లు అవసరం. నాలుగో సంవత్సరంలో రెండు దారులున్నాయి. ఒకటి సాధారణ ఆనర్స్. రెండోది పరిశోధనతో కూడిన ఆనర్స్. రెండోదానిలో 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు ఉంటుంది. మొదటిదానిలో దానికి బదులుగా అంతే విలువగల కోర్సులు చదవాలి. మొత్తం 160 క్రెడిట్లలో పరిశోధనకు దక్కే వాటా 7.5 శాతం. పరిమాణంలో స్వల్పమైన ఈ భాగమే రెండు పట్టాల పేర్లను వేరుచేస్తున్నది.

3.1. డెబ్బై అయిదు శాతం నియమం:

మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు మించి మార్కులు పొందినవారే పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు అర్హులు. ప్రతిభను గుర్తించడానికి ఏదో ఒక హద్దు ఉండాలన్న వాదన న్యాయమైనదే. అయితే ఆ హద్దు దేనిని కొలుస్తున్నదన్నది ప్రశ్న. ఆరు సెమిస్టర్ల సగటులో మొదటి సెమిస్టరుకూ ఆరో సెమిస్టరుకూ ఉన్న దూరం కనిపించదు. పదో తరగతి దాకానో, ఇంటర్ దాకానో తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీలో ఆంగ్ల మాధ్యమంలోకి అడుగుపెట్టిన విద్యార్థి మొదటి ఏడాది తడబడడం అధ్యాపకులకు తెలిసిన విషయమే. ఆ విద్యార్థి మూడో ఏడాదికి ఎంత ఎదిగినా, మొదటి ఏడాది తడబాటు సగటులో నిలిచిపోతుంది. విద్యార్థి సాధించిన ఎదుగుదలను సగటు దాచివేస్తుంది. పరిశోధనకు కావలసిన ప్రశ్నించే గుణం, ఓపికగా సమాచారం సేకరించే నేర్పు, సేకరించినదాన్ని వర్గీకరించే శక్తి ఈ కొలమానానికి అందవు.

3.2. పర్యవేక్షకుల నియమం:

పరిశోధనతో కూడిన ఆనర్స్ నిర్వహించే శాఖలో పిహెచ్.డి. పర్యవేక్షకులుగా గుర్తింపు పొందిన శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలని యు.జి.సి. తయారుచేసిన మార్గదర్శకాల ముసాయిదా సూచించింది. గ్రంథాలయం, పత్రికల లభ్యత, కంప్యూటర్ సౌకర్యం వంటివి దీనికి అదనం. విశ్వవిద్యాలయ శాఖకు ఇది పెద్ద షరతు కాదు. చిన్న పట్టణంలోని డిగ్రీ కళాశాల సంగతి వేరు. అక్కడ ఒక విషయాన్ని బోధించే శాశ్వత అధ్యాపకులే ఒకరిద్దరికి మించకపోవచ్చు, బదిలీలు సహజం. అలాంటి శాఖలో ఇద్దరు గుర్తింపు పొందిన పర్యవేక్షకులు ఏకకాలంలో నిలకడగా ఉండడం దాదాపు యాదృచ్ఛికమే. ఈ నియమం పైకి నాణ్యతకు సంబంధించినదిగా కనిపించినా, ఆచరణలో పెద్ద సంస్థలకూ చిన్న సంస్థలకూ మధ్య గీతగా మారుతుంది.

ఈ గీత వల్ల కలిగే ఫలితం చిన్నది కాదు. 2022 పిహెచ్.డి. నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీని 75 శాతం మార్కులతో పూర్తిచేసినవారు ఎం.ఏ. లేకుండానే పిహెచ్.డి. ప్రవేశానికి అర్హులు. నాలుగేళ్ళ డిగ్రీ చదివినవారికి ఏడాది స్నాతకోత్తర కోర్సు కూడా అందుబాటులోకి వచ్చింది. ఆనర్స్ లేని కళాశాలలో చదివిన విద్యార్థికి మూడేళ్ళ డిగ్రీ, రెండేళ్ళ పి.జి. అనే పాతదారి మాత్రమే మిగులుతుంది.

4. పరిశోధన క్షేత్రంగా తాండూరు, వికారాబాద్:

విధానపత్రాలు లెక్కించని వనరు ఒకటుంది. అది స్థలం. 1956 వరకు తాండూరు తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంతో అది ఆంధ్రప్రదేశ్‌లోని హైదరాబాదు జిల్లాలో చేరింది. 1978లో రంగారెడ్డి జిల్లాలోకి, 2016లో వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది. పాలనా సరిహద్దులు ఇన్నిసార్లు మారినా సంతలు, వియ్యాలు, పనిపాటలు సరిహద్దుకు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ, లంబాడీ భాషలు ఒకే బజారులో వినిపించే ఈ ప్రాంతం భాషా సంపర్కాన్ని అధ్యయనం చేయదలచినవారికి సహజమైన ప్రయోగశాల.

తాండూరు సున్నపురాతి బండలు, సిమెంటు పరిశ్రమ, 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు, పట్టణంలోని వ్యవసాయ పరిశోధన స్థానం, భీమానదిలో కలిసే కాగ్నా, వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ - వీటిలో ఏ ఒక్కటైనా అర్థశాస్త్రం, భూగర్భశాస్త్రం, వృక్షశాస్త్రం, చరిత్ర, తెలుగు శాఖల్లో డిగ్రీ స్థాయి పరిశోధనకు చాలినంత విషయం ఇస్తుంది. గనిలో బండను గుర్తించడం, తీయడం, కోయడం, నునుపు చేయడం, బండికెత్తడం వరకు ప్రతి దశకూ పనివారి నోట ప్రత్యేకమైన మాటలుంటాయి. కంది విత్తడం నుండి పప్పుమిల్లు దాకా సాగే క్రమమూ అంతే. యంత్రాలు మారేకొద్దీ ఆ మాటలు వాడుక నుండి జారిపోతాయి. వాటిని విని నమోదు చేయగలవారు ఆ ఇళ్ళలో పుట్టి, ఆ కళాశాలల్లో చదువుతున్న విద్యార్థులే.

ఈ రకమైన కృషికి తెలుగులో బలమైన పూర్వరంగం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశాలు (వ్యవసాయం - 1962, చేనేత - 1971) ఊరూరా తిరిగి వృత్తిదారుల నుండి సేకరించిన పదజాలంపై నిలిచాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగులో తొలి పిహెచ్.డి. పొందిన బిరుదురాజు రామరాజు పరిశోధన విషయం జానపద గేయ సాహిత్యం. తెలుగు పరిశోధన విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్నా, దానికి ముడిసరుకు పల్లె నుండే వచ్చింది. పల్లెకు దగ్గరి కళాశాలను పరిశోధనకు అనర్హంగా చూసే ఏ ప్రమాణమైనా ఈ చరిత్రను విస్మరించినట్లే.

5. ఇల్లు విడిచే వయస్సు:

ఆనర్స్ స్థాననిర్ణయంలో ఎక్కువగా చర్చకు రాని మరో అంశం విద్యార్థి ఇల్లు విడిచే వయస్సు. పాతదారిలో తాండూరు విద్యార్థిని సొంత ఊళ్ళో మూడేళ్ళ డిగ్రీ పూర్తిచేసి, ఇరవై ఒకటో ఏట ఎం.ఏ.కు హైదరాబాదు వెళ్తుంది. ఆనర్స్ నగరంలో మాత్రమే ఉంటే, అది కావాలనుకున్న విద్యార్థిని పద్దెనిమిదో ఏటనే ఇల్లు విడవాలి. వసతిగృహ ఖర్చు రెండేళ్ళకు బదులు నాలుగేళ్ళవుతుంది. ఆడపిల్లను దూరం పంపడానికి వెనుకాడే కుటుంబంలో ఈ మూడేళ్ళ తేడా చదువు కొనసాగింపునే నిర్ణయించవచ్చు.

ఇదే నాలుగో ఏడాది తాండూరులోనో వికారాబాద్‌లోనో అందుబాటులో ఉంటే ఫలితం తారుమారవుతుంది. అప్పుడు ఇంటి నుండే నాలుగేళ్ళు చదివి, ఒక ఏడాది పి.జి.కి మాత్రమే నగరానికి వెళ్ళే వీలుంటుంది. కనుక నాలుగేళ్ళ డిగ్రీ గ్రామీణ విద్యార్థికి మేలా, కీడా అన్న ప్రశ్నకు సాధారణమైన సమాధానం లేదు. నాలుగో ఏడాది ఎక్కడ బోధిస్తారన్నదే సమాధానం.

6. ఆక్షేపణలు - సమాధానాలు:

స్థానిక విషయం సమృద్ధిగా ఉన్నంత మాత్రాన పరిశోధన సిద్ధించదన్న ఆక్షేపణ సరైనదే. ధ్వనిశాస్త్రం తెలియకుండా సేకరించిన మాండలిక పదం సగమే నమోదవుతుంది. మాటకు అర్థం రాసుకుని, ఎవరి నోట, ఏ ఊళ్ళో, ఏ సందర్భంలో విన్నదో రాయకపోతే ఆ సేకరణ జాబితాగానే మిగులుతుంది. శిక్షణ లేని ఆనర్స్, ఆనర్స్ లేకపోవడం కన్నా హానికరం. పట్టా ఇచ్చిన హామీని చదువు నిలబెట్టుకోలేకపోతే నష్టపోయేది విద్యార్థే. ఆ కారణంగా పర్యవేక్షకుల నియమాన్ని పూర్తిగా తొలగించమనడం సమంజసం కాదు. దానిని శాఖకు గాక కళాశాలల సముదాయానికి వర్తింపజేయడం సాధ్యమే. ఒకే రైలుమార్గంపై ఉన్న వికారాబాద్, తాండూరు కళాశాలలు కలిసి ఒక విషయంలో ఆనర్స్ నిర్వహించి, విశ్వవిద్యాలయ శాఖలోని గుర్తింపు పొందిన ఆచార్యులు ప్రధాన పర్యవేక్షకులుగా, స్థానిక అధ్యాపకులు సహపర్యవేక్షకులుగా వ్యవహరిస్తే నాణ్యతా నియమం నిలుస్తుంది, అవకాశమూ నిలుస్తుంది.

డిగ్రీ విద్యార్థికి పరిశోధన మించిన భారమన్నది రెండో ఆక్షేపణ. తెలంగాణ కళాశాల విద్యాశాఖ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో నిర్వహిస్తున్న ‘జిజ్ఞాస’ విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులు దీనికి సమాధానం. విద్యార్థులు బృందాలుగా ఏర్పడి, అధ్యాపకుల మార్గదర్శనంలో అంశాన్ని ఎంచుకుని అధ్యయనం చేసి నివేదిక సమర్పించే పద్ధతి ఇప్పటికే ఉంది. కాని జిజ్ఞాస ఒక పోటీ. పోటీ కొందరిని విజేతలుగా నిలబెడుతుంది. ఆనర్స్ ప్రాజెక్టు క్రెడిట్లతో ముడిపడిన చదువు. అది ప్రతి విద్యార్థికీ ఒక పద్ధతిని నేర్పాలి. పోటీలో మొదలైన కృషి నాలుగో సంవత్సరపు ప్రాజెక్టుగా ఎదిగే మార్గం ఏర్పడితే, 75 శాతం నియమానికి తోడుగా పరిశోధనాసక్తికి ప్రత్యక్ష నిదర్శనం కూడా దొరుకుతుంది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి:

- పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు నిర్దేశించిన ప్రమాణాలు సంస్థ వనరులను, విద్యార్థి సగటు మార్కులను కొలుస్తున్నాయి. పరిశోధన క్షేత్రాన్ని, విద్యార్థి ఎదుగుదలను విస్మరిస్తున్నాయి.
- ఆరు సెమిస్టర్ల సగటుతో పాటు ప్రధాన విషయంలో చివరి రెండు సెమిస్టర్ల ఫలితాలను, అధ్యయన ప్రాజెక్టును పరిగణించడం మేలు.
- పర్యవేక్షకుల నియమాన్ని ఒక్కో శాఖకు గాక కళాశాలల సముదాయానికి వర్తింపజేయాలి.
- నాలుగో సంవత్సరాన్ని చిన్న పట్టణాలకు అందించడం, నగర వలసను నాలుగేళ్ళు వాయిదా వేయడమే గాక స్థానిక భాషా విశేషాల నమోదుకు తోడ్పడుతుంది.

ఒకనాడు తెలుగు ఆనర్స్ దేశభాషకు విశ్వవిద్యాలయంలో గౌరవస్థానం సంపాదించింది. నేటి ఆనర్స్ తెలుగు మాట్లాడే పల్లెలకు, పట్టణాలకు అదే గౌరవాన్ని ఇవ్వగలగాలి. తాండూరు బండల గనిలో వినిపించే మాటను శాస్త్రీయంగా నమోదు చేసే అర్హత, ఆ మాట వింటూ పెరిగిన విద్యార్థికి సొంత కళాశాలలోనే లభించినప్పుడు ఆనర్స్ అన్న పేరు సార్థకమవుతుంది.