కవరు మట్టి నుంచి ఆకు అడుగు దాకా

రాజమహేంద్రవరం దాటి గోదావరి కాలువల వెంట దిగువకు వెళ్తే కడియం, కడియపులంక, వీరవరం, బుర్రిలంక. ఆ నర్సరీల్లో చూపరుల కళ్లు పూల మీదికే పోతాయి. మొక్కల పని తెలిసినవాళ్లు మాత్రం ముందు వంగి నల్ల కవరులోని మట్టిని చూస్తారు.

ఆ మట్టి ఒక కూర్పు. ఎర్రమట్టి మొక్కను నిలబెడుతుంది. చివికిన పశువుల ఎరువు తిండి పెడుతుంది. కొబ్బరి పొట్టు తడిని పట్టి ఉంచుతూనే వేళ్లకు గాలి ఆడనిస్తుంది. పొట్టులో ఉప్పు ఉంటుంది కనుక మంచినీళ్లతో బాగా కడిగి కలపాలి, లేకపోతే ఆకుల అంచులు మాడతాయి. ఇంతవరకు ఎవరైనా చెయ్యగలరు. అసలు పనితనం ట్రైకోడెర్మా దగ్గర మొదలవుతుంది.

ట్రైకోడెర్మా మొక్కకు మేలు చేసే శిలీంధ్రం. దాన్ని ముందు పెంచి ఆ తర్వాత వాడాలి. 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీడలో కుప్ప పోసి, నీళ్లు చిలకరించి తడి గోనెపట్టాలు కప్పుతారు. తడి ఎంతుండాలో చెప్పేది చెయ్యే. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. నీరెక్కువైతే లోపల గాలి ఆడదు, తక్కువైతే శిలీంధ్రం ఎదగదు. నడుమ కుప్పను తిరగేస్తూ వారం పది రోజులు ఆగితే బూజు కుప్పంతా అల్లుకుంటుంది. దీన్ని రోగం రాకముందే కవరు మట్టిలో కలుపుతారు. వేరుకుళ్లు తెచ్చే శిలీంధ్రం పోగు కనిపిస్తే ట్రైకోడెర్మా దాన్ని చుట్టుకుని, దాని కణగోడను కరిగించే ఎంజైములు వదిలి, లోపలి సారాన్ని తినేస్తుంది. ఆ తర్వాత తొందరపడి అదే కవరులో కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పోశామా, పెట్టుకున్న కాపలాదారును మనమే చంపుకున్నట్టు.

ఆకుల సంగతికొస్తే, వేపనూనె చాలామంది అనుకునేంత సులువైన మందు కాదు. నూనె నీళ్లలో కలవదు. 5 మిల్లీలీటర్ల నూనెను ముందు కాస్త సబ్బు నీళ్లతో గిలకొట్టి, పాలలా తెల్లబడ్డాక లీటరు నీళ్లలో పోసుకోవాలి. పిచికారీ చేస్తున్నంతసేపూ ట్యాంకును కదుపుతూ ఉండాలి. వేపలోని అజాడిరాక్టిన్ పురుగు కుబుసం విడవడానికి కావలసిన హార్మోన్ల పనిని చెడగొడుతుంది. కాబట్టి లేత పిల్లపురుగుల మీదే దాని దెబ్బ గట్టిగా పడుతుంది. పురుగు వెంటనే చావదు, ముందు మేత మానేస్తుంది. మర్నాడు పురుగు ఇంకా కనిపిస్తోందని మందు మార్చేవాడికి ఓపిక లేదనే చెప్పాలి. ఎండకు అజాడిరాక్టిన్ విరిగిపోతుంది, నూనె పడ్డ ఆకూ మాడుతుంది. అందుకే సాయంత్రం, తేనెటీగలు గూటికి చేరాక కొడతారు. నాజిల్‌ను పైకి తిప్పి ఆకు అడుగున కొడతారు, ఎందుకంటే తెల్లదోమ, పేనుబంక ఉండేది ఎక్కువగా అక్కడే.

పిండినల్లి మరీ గడుసుది. ఒంటి మీది మైనపు పొడి మందును అంటనివ్వదు. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాని చుట్టూ చేరి శత్రువులను తరిమేస్తాయి. అందువల్ల ముందు చీమల దారి తెగ్గొట్టాలి, ఆ తర్వాత క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును వదలాలి. చిత్రమేమిటంటే దీని పిల్లపురుగు ఒళ్లంతా తెల్ల మైనపు పోగులే. అచ్చం పిండినల్లే అనుకుని కొత్తవాళ్లు నలిపేస్తుంటారు. అనుభవం ఉన్న కూలీ చెయ్యి మాత్రం అక్కడ ఆగుతుంది. పరిమాణంలో పెద్దదిగా ఉండి చురుగ్గా పాకుతుంటే అది క్రిప్టోలీమస్. ఉన్నచోటే మందకొడిగా ఉంటే పిండినల్లి. క్రిప్టోలీమస్ కనిపించిన వరసకు ఒక గుర్తు పెట్టి, ఆ వరసలో వేపనూనె కూడా కొట్టకుండా వదిలేస్తారు.