ఇప్పపువ్వుకు పీపా అక్కర్లేదు

ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు మాగనిదే స్కాచ్ విస్కీ అని పేరు పెట్టడానికి వీల్లేదు. రంగు, రుచిలో చాలా పాలు ఆ చెక్క ఇచ్చేదే. ఆదిలాబాద్ రాజ్‌గోండుల ఇప్పసారాకు ఆ నిరీక్షణ లేదు. ఇక్కడ కాలాన్ని దాచుకునేది పువ్వు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాత్రంతా రాలుతూనే ఉంటాయి. చెట్టు కింద ఎండుటాకులు ముందే కాల్చి నేల చదును చేసి ఉంచుతారు. తెల్లారేసరికి ఆడవాళ్లూ పిల్లలూ గంపలతో హాజరు. పచ్చిపువ్వు కండపట్టి తియ్యగా ఉంటుంది గానీ ఊరికే ఉంచితే పులిసిపోతుంది. ఎండలో పోస్తే కిస్‌మిస్‌లా ముడుచుకుని ఎర్రబారుతుంది. ఎండుపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. చెమ్మ తగిలిందా, బూజే. వేసవిలో ఏరిన తీపి దీపావళిదాకా నిలిచిందంటే ఆ పనితనమంతా ఎండబెట్టడంలోనే ఉంది.

కాచడం పైకి తేలికే. పువ్వును కొన్నాళ్లు నీళ్లలో ఊరబెడతారు, ఈస్ట్ తన పని తాను చేసుకుపోతుంది. ఊరినదాన్ని కుండకెత్తి, మూతి మట్టితో మెత్తి, ఆవిరిని వెదురుగొట్టం గుండా చన్నీళ్లలో పెట్టిన మరో పాత్రలోకి దింపుతారు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్లకు 100 కావాలి. మంట ఎగదోస్తే నీరూ ఎక్కువ దిగుతుంది, అడుగంటిన వాసనా వస్తుంది. సన్నసెగ మీద ఓపిగ్గా కూర్చోవాలి.

అమెరికాలో మెటాలికా రాక్ బృందం 2018లో ‘బ్లాకెన్డ్’ అనే విస్కీ తెచ్చింది. పీపాలకు తమ పాటలు వినిపించి, ఆ ప్రకంపనలతో చెక్క రసం మద్యంలోకి లాగుతామన్నది. చెక్కకు సంగీతం పట్టిందో లేదో గానీ ప్రచారానికి బాగా పట్టింది.

గోండుల దగ్గర పాటకూ సారాకూ పొత్తు వేరు. వాళ్ల కులగాథలు పాడేది వంశపారంపర్యంగా వచ్చే ప్రధాన్లు. చేతిలో మూడు తీగల కిక్రి. ప్రతిఫలం ధాన్యం, బట్టలు, పశువులు. వాళ్లు పాడుతుంటే కులదైవం పెర్సపేన్‌కు ఇప్పసారా ధారపోస్తారు. గోండుల గాథలనూ పూజలనూ మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1948 నాటి గ్రంథంలో వివరంగా రాశాడు. దీపావళికైతే దండారి నృత్యబృందాలు ఊరినుంచి ఊరికి వెళ్తాయి, నెమలీకల టోపీలతో గుస్సాడీలు ఆడతారు. వచ్చినవాళ్లకు అతిథి మర్యాద చేయడం ఆ ఊరి వంతు. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది.

బెల్లపు గుడుంబాతో దీన్ని ఒకే గాటన కట్టడం అన్యాయం. ఇప్పను అనుమానంగా చూడటం పాతదే: 1892లో బొంబాయి ప్రభుత్వం ఏకంగా ఇప్పపువ్వునే కట్టడిచేసే చట్టం తెచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం మత్తుపదార్థాల నియంత్రణనూ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల హక్కునూ గ్రామసభలకు, పంచాయతీలకు అప్పగించమంది. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించింది. మన ఉట్నూరులో మాత్రం ఆదివాసీ మహిళలు అదే ఎండుపువ్వుతో లడ్డూలు చుట్టి అమ్ముతున్నారు.