వేలికి అందని మెత్తదనం

మామిడిపండు కొనేటప్పుడు బొటనవేలితో మెల్లగా నొక్కి చూస్తాం. కాలేయం గట్టిపడిందేమోనని పొట్ట మీద చెయ్యి వేసి చూడడం మాకు ఎంబీబీఎస్‌లోనే నేర్పారు. మెదడు దగ్గర ఆ విద్య సాగదు. పుర్రె అడ్డం. ముప్పై ఏళ్లకు పైగా న్యూరోసర్జరీ చేశాను. మెనింజియోమా గడ్డ జున్నులా ఉందో, ముదురు కొబ్బరిలా ఉందో పుర్రె తెరిచి, డ్యూరా పొర కోసి, పరికరం మొన తగిలాకే నాకు రూఢిగా తెలిసేది. మెత్తనిదైతే సక్షన్‌కే వచ్చేస్తుంది. గట్టిదై, నరాలను అంటుకుని ఉంటే మాత్రం ముక్క ముక్కగా తీయాలి. మధ్యాహ్నానికి అయిపోతుందని బంధువులకు చెప్పిన ఆపరేషన్ చీకటిపడ్డా తేలేది కాదు.

ఆ రోజుల్లో మా థియేటర్ తలుపు దగ్గర ఫిల్ములు పట్టుకుని నిలబడి, "సార్, గట్టిదా, మెత్తనిదా?" అని అడిగే రేడియాలజీ అమ్మాయి ఒకతె ఉండేది. ఈ పుస్తకం ఆవిడదే. ఆ ప్రశ్నను వదలకుండా సముద్రాలు దాటించింది.

కోయకుండానే కణజాలం గట్టిదనాన్ని కొలిచే ఎంఆర్ ఎలాస్టోగ్రఫీని 1995లో మేయో క్లినిక్‌కు చెందిన రాజా ముత్తుపిళ్లై, రిచర్డ్ ఎహ్‌మన్ బృందం 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. మెదడుకు దీన్ని వాడేటప్పుడు తల కింద సన్నగా అదిరే దిండు పెడతారు, సెకనుకు 50, 60 సార్లు. లోపలి కణజాలం మైక్రాన్ల లెక్కన కదులుతుంది. ఎమ్మారై అదే లయలో అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తూ ఆ కదలికను పట్టుకుంటుంది. రచయిత్రి ఇక్కడ బావి చేంతాడును తెచ్చింది: వదులుగా ఉన్న తాడులో అల బద్ధకంగా పాకుతుంది, బిగిస్తే చటుక్కున అవతలి కొస చేరుతుంది. అదురు 60 దగ్గర ఉండి అల పొడవు రెండున్నర సెంటీమీటర్లయితే వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి సాంద్రతతో గుణిస్తే గట్టిదనం సుమారు 2.25 కిలోపాస్కల్స్. ఇంత తేటగా మరొకరు చెప్పగా నేను వినలేదు. అయితే అలల నుంచి గట్టిదనం పటం గీసే గణితమున్న నాలుగో అధ్యాయం నాలాంటివాళ్లకు కొరుకుడు పడదు. నేను దాటేశాను, మీరూ దాటేయొచ్చు.

నాకు బాగా నచ్చింది ఈమె నిగ్రహం. అల్జీమర్స్ రోగుల మెదడు మెత్తబడుతుందని 2011లో వచ్చిన పరిశోధనను వివరిస్తూ, వాళ్లలో 2.20, ఆరోగ్యవంతుల్లో 2.37 అన్న అంకెలు పక్కపక్కనే పెట్టి, ఇంత చిన్న తేడాతో ఒక మనిషికి జబ్బుందో లేదో తేల్చలేమని ఆ వాక్యంలోనే ఒప్పేసుకుంది. అదురు వేగం పెంచితే అదే మెదడు ఇంకాస్త గట్టిగా కనిపిస్తుంది కనుక ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో కళ్లు మూసుకుని పోల్చొద్దంటుంది. కోసి తీసిన మెదడును బల్ల మీద కొలిచిన పాత లెక్కలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవో చెప్పిన పేజీలు మరీ బాగున్నాయి: రక్తం ఆగిన మెదడు వేరు, కొట్టుకుంటున్న మెదడు వేరు. మెనింజియోమాల విషయంలో మాత్రం, స్కాన్ చెప్పినదాన్ని సర్జన్ చేతికి తగిలినదానితో పోల్చి చూసిన ఫలితాలు ఆశ పెట్టేవే. చిన్న గడ్డల దగ్గర తడబాటు ఉందని అదీ దాచలేదు.

కిందటేడు మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఈమె నన్నూ ఆ యంత్రంలో పడుకోబెట్టింది. ఆర్టీసీ బస్సు కిటికీకి తల ఆనించి కునుకు తీసినట్టే ఉంది. నిద్ర కూడా పట్టింది. వయసుతో మెదడు ఏటా ఒక శాతానికి కాస్త తక్కువగా మెత్తబడుతుందని బెర్లిన్ బృందం 2009లో చెప్పింది కదా, నా అంకె ఎంతమ్మా అని అడిగాను. "పేరు లేకుండా పుస్తకంలో వేశాను సార్, వెతుక్కోండి" అంది.

తొమ్మిదో బొమ్మ నాదేనని నా అనుమానం.