పితూరీని తిరగేసి చదివిన మనిషి

మన ఇళ్లల్లో పిల్లలు ఒకరి మీద ఒకరు పితూరీలు చెబుతారు. అదే మాట మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాల్లో తిరుగుబాటుకు పేరు. 1879లో రంప కొండలు లేచినా, 1922లో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయినా, దొరల రాతలో అది పితూరీయే. మొర పెట్టుకోవడానికీ ఎదురు తిరగడానికీ ఒకే మాట ఎలా సరిపోయింది? ఇలాంటి ప్రశ్న దగ్గర ఆగి నిలబడడం మనకు నేర్పినవాడు రణజిత్ గుహ.

బరిసాల్ ప్రాంతంలో పుట్టిన ఈ బెంగాలీ చరిత్రకారుడు హంగేరీ మీదికి సోవియట్ సైన్యం వెళ్లిన 1956లోనే కమ్యూనిస్టు పార్టీని వదిలేశారు. 2023 ఏప్రిల్ 28న, నూరేళ్లు నిండడానికి నెల కూడా లేదనగా, ఆస్ట్రియాలో కన్నుమూశారు. 1982లో ఆయన మొదలుపెట్టిన సబాల్టర్న్ స్టడీస్ అనే అట్టడుగు జనాల చరిత్ర వ్యాసాల వరుసలో తొలి సంపుటంలోనే మన గూడెం-రంప తిరుగుబాట్ల మీద డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం ఉంది.

తిరగబడ్డ రైతు ఏమీ రాసిపెట్టలేదు. మిగిలినవి కలెక్టరు ఉత్తరాలు, సైన్యం నివేదికలు, కోర్టు వాంగ్మూలాలు. శత్రువు రాతే అయినా అది సాక్ష్యమే అన్నారు గుహ. దాన్ని తిరగేసి చదవాలి. ‘మతోన్మాది’ అని రాసి ఉంటే, తన నమ్మకం కోసం నిలబడ్డవాడు అక్కడ ఉన్నాడేమో చూడాలి. ‘శాంతికి భంగం’ అంటే ఎవరి శాంతి? ఉపమానాలనూ వదలకూడదు. అలజడి కార్చిచ్చులా పాకిందని రాస్తారు. కార్చిచ్చు ఆలోచించదు. రైతులు మాత్రం ముందు కూడి మాట్లాడుకున్నారు, ఊరూరికీ కబురంపారు, ఎవరి ఇల్లు తగలబెట్టాలో ఎవరిది వదిలేయాలో తేల్చుకున్నారు. 1983లో వచ్చిన ఆయన పెద్ద గ్రంథమంతా రైతుల ఈ ఆలోచనను వెతికి పట్టుకోవడమే.

గుహ మనవాళ్లనూ వదల్లేదు. జాతీయవాదులూ వామపక్షీయులూ ప్రేమతోనే రాసినా, తిరుగుబాటును తెచ్చి ఒక నాయకుడి చేతిలోనో సిద్ధాంతం చేతిలోనో పెడతారన్నది ఆయన అభ్యంతరం. మన పాఠ్యపుస్తకాలకు ఇది గట్టిగా తగులుతుంది. ఆర్నాల్డ్ వ్యాసం 1839 నుంచి లెక్క మొదలుపెడుతుంది. అల్లూరి సీతారామరాజు పుట్టకముందే ఆ కొండలు ఎన్నోసార్లు లేచాయి. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనిలో వెట్టి, చాలీచాలని కూలి: కోపం అప్పటికే ఉంది. ఇలా చెబితే రాజు ఘనత తగ్గదు. ఆయన వెంట నడిచినవాళ్ల బుద్ధి కనిపిస్తుంది.

ఆయన రాతల్లో నన్ను వదలనిది మాత్రం ఒక చిన్న చావు గురించిన వ్యాసం. 1849, బీర్‌భూమ్. బాగ్దీ కులపు వితంతువు చంద్ర గర్భం పోవడానికి మందు మింగి చనిపోయింది. చేతికి దొరికినవి తోబుట్టువు, తల్లి, మందు అమ్మినవాడు ఇచ్చిన ముక్క వాంగ్మూలాలే. కోర్టుకు అది నేరం. గుహ ఆ కొద్ది వాక్యాల్లోనే, గర్భానికి కారణమైనవాడు తప్పుకుంటే కూతుర్ని వెలి నుంచి కాపాడుకోవాలని పాకులాడిన ఆడవాళ్లను చూశారు.

అయినా సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటాల్లో స్త్రీలు దాదాపు కనిపించరన్న విమర్శ న్యాయమైనదే. తెలుగులో స్త్రీల మాట వినిపించే పని స్త్రీశక్తి సంఘటన అనే బృందం చేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను అడిగి, వాళ్ల మాటల్లోనే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది.

చరిత్ర చెప్పే మాస్టార్లకూ టీచరమ్మలకూ ఒక విన్నపం. ఈసారి రంప పాఠం వచ్చినప్పుడు తేదీలతో మొదలుపెట్టకండి. పితూరీ అన్న మాట బోర్డు మీద రాసి, ఇది ఎవరు ఎవరి మీద చెప్పిన మాటో పిల్లల్ని అడగండి. ఆ పీరియడంతా వాళ్లనే మాట్లాడనివ్వండి.